అక్షరముల ఆట – నిఘంటువు తీర్పు

పులి–మేక, అష్టాచెమ్మ, వామనగుంటలు, పచ్చీసు – ఇవన్నియు మన అరుగులపై పుట్టి పెరిగిన ఆటలు. వీనిలో గవ్వ పలికిన పలుకునకును, ఎత్తు వేయువాని లెక్కకును విలువ కలదు గాని మాటతో పనిలేదు. మాటయే పావుగా, అక్షరమే గవ్వగా, గడుల పలకపై పందెముగా ఆడు ఆట మనకు పశ్చిమదేశముల నుండి వచ్చినది. దానికి స్క్రాబుల్ అని పేరు. ఈ యాట పుట్టిన తీరును, పోటీలకు దిగు ఆటగాండ్రు దానికై సమకూర్చుకొన్న సాధనములను ఈ వ్యాసమున తెలుపదలచితిమి. తెలుగుసీమకు వెలుపల తరతరములుగా కాపురముండి, ఇంట ఒక భాషయు వీధిలో మరొక భాషయు మాటలాడుకొను మనబోటి కుటుంబములకు ఈ చరిత్రమున నేర్చుకొనదగిన దొకటి కలదు. దానిని చివర విన్నవింతుము.

ఆట పుట్టుక

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు పొకిప్సీ అను పట్టణమున 1899లో ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ జన్మించెను. ఆయన వృత్తిచే వాస్తుశిల్పి. 1929లో మొదలైన ఆర్థికమాంద్యము వలన కొత్త కట్టడములు తలపెట్టువారు కరవైరి. 1931లో ఆయనకు ఉద్యోగము పోయెను. పనిలేని దినములలో ఆయన ఊరక కూర్చుండక, లోకమున వాడుకలోనున్న ఆటలను వర్గీకరించి చూచెను. పాచికల వంటి సంఖ్యల ఆటలు ఒక తెగ. చదరంగము వలె పావులు నడుపు ఆటలు మరొక తెగ. అక్షరములు కూర్చి మాటలు చేయు ఆటలు మూడవ తెగ. మూడవ తెగలో చెప్పుకోదగిన ఆటలు తక్కువగా నుండుటను ఆయన గమనించెను. కేవలము అదృష్టముపై నడుచు ఆట బుద్ధిమంతునికి విసుగు పుట్టించును. కేవలము బుద్ధిపై నడుచు ఆట సామాన్యునికి బరువగును. రెంటిని సగపాళ్లుగా కలిపిన ఆట యొకటి కావలెనని ఆయన తలంచెను.

ఇంగ్లీషున ఏ అక్షరము ఎంత తరచుగా వచ్చునో తెలిసికొనుటకు బట్స్ న్యూయార్క్ టైమ్స్ మొదలగు పత్రికల పుటలను ముందుంచుకొని, ఒక్కొక్క అక్షరమును చేతితో లెక్కించెను. జీవితమంతయు పద్దుల పుస్తకములతో గడిపిన మాబోటి గుమాస్తాలకు ఈ ఘట్టము మిక్కిలి ప్రీతికరమైనది. లోకమంతయు ఆడుకొను ఆటకు పునాది ఒక నిరుద్యోగి ఓపికగా గీసిన లెక్కల పట్టిక!

ఆ లెక్కను బట్టి ముక్కలు ఏర్పడినవి. ఇంగ్లీషు అక్షరములను వాని పేర్లతో చెప్పినచో, ‘ఈ’ ముక్కలు 12. ‘ఏ’, ‘ఐ’ ముక్కలు తొమ్మిదేసి. ‘ఓ’ ముక్కలు 8. అరుదుగా వచ్చు ‘క్యూ’, ‘జెడ్’ అనునవి ఒక్కొక్కటే. కాని వానికి పదేసి పాయింట్లు. బహువచనమునకు కొసన చేర్చు ‘ఎస్’ అక్షరమును మాత్రము, ఆట మరీ సులువు కాకుండుటకై, నాలుగు ముక్కలకే పరిమితము చేసెను. ఏ యక్షరమునకైనను బదులుగా వాడుకొనదగిన ఖాళీ ముక్కలు రెండు. వెరసి 100 ముక్కలు. పలకపై అడ్డముగా 15, నిలువుగా 15, మొత్తము 225 గడులు. కొన్ని గడులలో అక్షరము విలువగాని, మాట విలువగాని రెట్టింపో మూడింతలో అగును. ఆటగాడు చేత ఏడు ముక్కలుంచుకొని, పలకపై నున్న మాటకు తన మాటను తగిలించి పాయింట్లు లెక్క వేసికొనును.

మొదట ఈ యాటకు పలకయే లేదు. లెక్సికో అని పేరు. 1938 నాటికి పలక చేరి ‘క్రిస్–క్రాస్ వర్డ్స్’ అని పేరు మారెను. బట్స్ దీనిని చూపిన పెద్ద కంపెనీలన్నియు తిరస్కరించెను. ఆయన తన వాస్తుశాస్త్రపు పనిముట్లతోనే పలకలు గీసి, కొయ్యముక్కలు కోసి, స్నేహితులకు ఇచ్చుచుండెను. 1948లో జేమ్స్ బ్రూనో అను నాతడు ఈ యాటను తయారుచేసి అమ్ముటకు ముందునకు వచ్చెను. ఒక్కొక్క పెట్టెకు బట్స్‌కు కొంత రుసుము చెల్లించునట్లు ఒప్పందము జరిగెను. స్క్రాబుల్ అను పేరు పెట్టినది బ్రూనోయే. ఏడు ముక్కలను ఒక్క ఎత్తున వేసినవానికి అదనముగా 50 పాయింట్లు ఇచ్చు నియమమును చేర్చినదియు ఆతడే.

1949లో బ్రూనో 2,400 పెట్టెలు చేయించి 450 డాలర్లు నష్టపోయెను. అయినను విడిచిపెట్టలేదు. 1952లో న్యూయార్కులోని మేసీస్ అను పెద్ద దుకాణము ఈ యాట పెట్టెలను తెప్పించి అమ్ముటతో దశ తిరిగెను. 1954వ సంవత్సరమున ఇంచుమించు 40 లక్షల పెట్టెలు అమ్ముడుపోయెను. పదునేడేండ్లు ఎవరికిని అక్కరలేని వస్తువు, అటుపై అయిదారేండ్లలో ఇంటింటి వస్తువయ్యెను. బట్స్ తొంబదినాలుగవ యేట 1993లో మరణించెను.

నిఘంటువు న్యాయస్థానమైన విధము

మేము ఈ యాటను మొదటిసారి చూచినది 1984లో, మేము పనిచేయుచుండిన కార్యాలయపు విశ్రాంతి గదిలో. పట్టభద్రులైన అధికారులు మధ్యాహ్నభోజనానంతరము ఆడుచుండిరి. మేము పదకొండవ తరగతితో చదువు ముగించినవారము గనుక మమ్ము పాయింట్లు వ్రాయుటకు మాత్రమే కూర్చుండబెట్టిరి. పాయింట్లు వ్రాయుచు వ్రాయుచు ఒక సంగతి గ్రహించితిమి. గొప్ప గొప్ప మాటలు తెలిసినవాడు ఓడిపోవుచు, రెండక్షరముల చిన్న మాటలు తెలిసినవాడు గెలుచుచుండెను. ఏలయన, చిన్న మాట తెలిసినచో ఒక మాట ప్రక్కన మరొక మాటను ఆనించి, ఒక్క ఎత్తున మూడు నాలుగు మాటలకు పాయింట్లు రాబట్టవచ్చును. టైపు బల్లపై నుండిన చిన్న నిఘంటువును రాత్రులు ఇంటికి తెచ్చి, రెండక్షరముల మాటలన్నియు ఒక నోటు పుస్తకమున ఎత్తి వ్రాసికొంటిమి. రెండు నెలల పిమ్మట ఒకనాడు ఆడువారిలో ఒకరు రాకపోగా మమ్ము ఆడుమనిరి. ఆ నాటి ఆటలో మేము గెలిచితిమి. ఓడిన పెద్దమనిషి “ఇదేమి మాట? ఇట్టి మాట లేదు” అని కోపించెను. మేము నిఘంటువు తెరచి చూపితిమి. ఆయన మారు మాటాడక లేచి వెళ్లిరి. మరునాడు ఆయనయే మమ్ము పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరని కూడ చెప్పుట న్యాయము.

ఇది చిన్న కథయే గాని ఈ యాట మర్మమంతయు ఇందున్నది. పలక యెదుట పదవి లేదు, పట్టము లేదు. మాట కలదా లేదా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది నిఘంటువు. ఇంటింట ఒక్కొక్క నిఘంటువు ఉన్నంతకాలము ఇంటింట ఒక్కొక్క తగవు ఉండెను. పోటీలు పెరిగిన పిమ్మట ఒకే ప్రమాణము అవసరమయ్యెను. 1978లో మెరియం–వెబ్‌స్టర్ సంస్థ ఈ యాటకే ప్రత్యేకించి ఒక నిఘంటువును ప్రకటించెను. అమెరికాకు వెలుపలి పోటీలలో చాలవరకు కాలిన్స్ వారి పదపట్టిక ప్రమాణము. దానియందు సుమారు 2 లక్షల 80 వేల మాటలు కలవు. రెండక్షరముల మాటలే నూటయిరువదికి పైగా నున్నవి.

ఎదుటివాడు వేసిన మాట తప్పని తోచినచో సవాలు చేయవచ్చును. అమెరికా పద్ధతిలో సవాలు చేసినవాడు ఓడినచో తన వంతు కోల్పోవును. మరికొన్ని పోటీలలో సవాలు తప్పినవానికి కొలది పాయింట్లు కోత పడును. అందుచే లేని మాటను ధైర్యముగా వేసి ఎదుటివానిని బెదరించుటయు నియమము లోపలి యుక్తియే. పూర్వము నిఘంటువును చేత త్రిప్పి తీర్పు చెప్పుచుండిరి. నేడు మాటను కంప్యూటరులో కొట్టినచో చెల్లును, చెల్లదు అని మాత్రము చెప్పును. అర్థము చెప్పదు.

ఆటగాండ్రకు మరికొన్ని సాధనములు కలవు. చదరంగపు పోటీలలో వలెనే రెండు ముఖముల గడియారము. ఒక్కొక్కరికి 25 నిమిషములు. గడువు మించిన ప్రతి నిమిషమునకు 10 పాయింట్లు కోత. ముక్కలు తీయు సంచిని కంటికంటె ఎత్తుగా పట్టి, లోపలికి చూడకుండ తీయవలెను. చెక్కిన అక్షరములను వ్రేలితో తడిమి గుర్తుపట్టుదురని, పోటీలలో నున్నని ముక్కలు వాడుట మొదలిడిరి. నేర్పరియైన ఆటగాడు 100 ముక్కల పట్టికను ముందుంచుకొని, పలకపై పడిన అక్షరమునెల్ల కొట్టివేయుచు పోవును. ఆట చివర ఎదుటివాని చేతిలో ఏముక్కలున్నవో అతనికి చూడకయే తెలియును. ఇది మన జమాఖర్చు లెక్క వంటిదే: ఆవర్జాలో పడనిది పెట్టెలో నుండవలె.

మాటలు వల్లించుటకు వారికొక చిత్రమైన పద్ధతి కలదు. మాటలోని అక్షరములను వర్ణక్రమమున పేర్చి, ఆ పేరుపును మాటకు తాళముచెవిగా జ్ఞాపకముంచుకొందురు. చేతిలోని ఏడు ముక్కలను వర్ణక్రమమున పేర్చగనే తాళముచెవి తగిలి మాట బయటపడును.

తరువాత యంత్రములు వచ్చినవి. 1988లో ఆపెల్, జేకబ్‌సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు, మాటలన్నిటిని కొమ్మలు రెమ్మలుగా అల్లి, యెత్తులన్నిటిని క్షణములలో వెదకు పద్ధతిని ప్రకటించిరి. బ్రయన్ షెపర్డ్ రచించిన మేవెన్ అను ప్రోగ్రాము 1998లో ఆడమ్ లోగన్ అను మేటి ఆటగానిని 9–5 తేడాతో ఓడించెను. 2006లో టొరంటో నగరమున క్వాకిల్ అను ప్రోగ్రాము, 1995 నాటి ప్రపంచ విజేత డేవిడ్ బోయ్స్‌ను గెలిచెను. మాటలను వల్లె వేయించుటకు జిజివా వంటి ప్రోగ్రాములు కలవు. ఆటగాండ్రు వీనిని ఇంటివద్ద గురువులుగా వాడుకొందురు. పోటీ బల్లపై వీనికి ప్రవేశము లేదు.

మన దేశమునకును ఈ చరిత్రలో ఒక పుట కలదు. కలకత్తాకు చెందిన రజత్, జయంత్ అగర్‌వాలా అను సోదరులు దూరముననున్నవారు కంప్యూటరుల ద్వారా ఆడుకొనునట్లు స్క్రాబులస్ అను ఆటను రూపొందించిరి. 2007లో అది ఫేస్‌బుక్కు ద్వారా లోకమంతయు వ్యాపించెను. ఆట హక్కులు గల కంపెనీలు 2008లో వ్యాజ్యములు వేసెను. సోదరులు పేరు మార్చి లెక్సులస్ అని ఆటను కొనసాగించిరి.

భాష రాని విజేత

ఇంగ్లీషున ప్రపంచ పోటీలు 1991లో లండను నగరమున ప్రారంభమయ్యెను. మొదటి విజేత అమెరికాకు చెందిన పీటర్ మారిస్. ఆ తరువాతి వారిలో న్యూజిలాండున పుట్టి మలేషియాలో నివసించు నైజెల్ రిచర్డ్స్‌కు సాటి రాగలవారు లేరు. ఆయన 2007, 2011, 2013, 2018, 2019 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను. అంతకంటె వింత 2015లో జరిగెను. ఫ్రెంచి భాష మాటలాడుట రాని ఈ మహాశయుడు ఫ్రెంచి పదపట్టికను సుమారు తొమ్మిది వారములు చదివి, బెల్జియం దేశమున జరిగిన ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచెను. 2024లో స్పెయిను దేశపు గ్రనడా నగరమున స్పానిష్ పోటీలోను, ఆ భాష మాటలాడుట రాకయే, 24 ఆటలలో ఒక్కటి మాత్రము ఓడి, విజేత యయ్యెను. ఫ్రెంచి పాలన 1954లో ముగియు వరకు ఆ భాషను బడిలో నేర్చుకొనిన కుటుంబములు గల యానాము సోదరులకు ఈ వార్త మరింత వింత గొల్పవచ్చును.

ఈ సంగతిని చదివినప్పుడు మాకు ఆశ్చర్యముతోపాటు కొంత మనఃక్లేశమును కలిగెను. ఆయనకు అక్షరములు వచ్చును, భాష రాదు. మా మనుమనికి భాష వచ్చును, అక్షరములు రావు. ఆయన ఫ్రెంచి మాటను గడిలో పెట్టగలడు గాని ఆ మాటతో దాహమునకు నీరడుగలేడు. మా మనుమడు వాళ్ల అవ్వను నీళ్లడుగును, అలుగును, కథ చెప్పుమని వేధించును. ఆ అవ్వ వ్రాసిన జాబు చేతికిచ్చినచో తలక్రిందులుగా పట్టుకొనును. పదునొకండేండ్ల ఆ బాలుడు ఫోనులో మాతో ఇంగ్లీషు స్క్రాబుల్ ఆడి మమ్ము ఓడించుచున్నాడు!

ఇది మా యింటి ముచ్చట మాత్రమే కాదు. మేముండు హోసూరు 1956 నాటి పునర్విభజనలో మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. ఇచ్చట అంగడిలో మూడు భాషలు వినబడును. మేము తెలుగుననే చదువుకొంటిమి. మా పిల్లలు కొంత చదివిరి. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన చట్టము వలన ఒకటవ తరగతి మొదలు తమిళము నిర్బంధ పాఠ్యమయ్యెను. తమిళమును మేము ద్వేషింపము. అది మాకు అన్నము పెట్టిన భాష. మా చింత వేరు. మేము చదువుకొన్న బడిలో తెలుగు తరగతి పిల్లలు చాలరని మూతపడెను. పిల్లలు చాలకపోవుటకు మాబోటి తాతతండ్రులే కారకులు గనుక ఎవరిని నిందింతుము? మా మనుమని ఇంగ్లీషు బడికి చేర్చుటకు పోయినవారిలో మేమును ఉంటిమి.

తెలుగున మాటల పందెములు

పలకపై ఆడు ఆట మనది కాకపోయినను, మాటలతో పందెము మనకు కొత్త కాదు. మన అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టుదురు. నిషిద్ధాక్షరి నడుపు పృచ్ఛకుడు, అవధాని ఒక్కొక్క అక్షరము చెప్పగానే, తరువాత రాదగిన అక్షరమును ఊహించి దానిని నిషేధించును. అవధాని ఆ దారి విడిచి, ఛందస్సు చెడకుండ మరొక దారి తీయవలెను. పలకపై ఎదుటివాని గడిని ముందుగా మూసివేయు ఆటగాని యుక్తి ఇదియే. న్యస్తాక్షరిలో ఫలాని పాదమున ఫలాని స్థానమందు ఫలాని అక్షరము ఉండితీరవలెనని విధింతురు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యమందలి అక్షరములను వరుస తప్పించి, స్థానసంఖ్యతో నడుమ నడుమ అందింతురు. అవధాని వానిని మనసుననే కూర్చి చివర వాక్యము చెప్పును. ముక్కలు లేవు, సంచి లేదు, పట్టిక లేదు, ధారణయే సాధనము. తిరుపతి వేంకటకవులు ఊరూర ఈ విద్యను ప్రదర్శించి సామాన్యులకును దానిపై మక్కువ కలిగించిరి.

సాధనములును మనకు లేకపోలేదు. వీధిబడి పిల్లలు అమరకోశమును, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును వల్లె వేయుచుండిరి. అవి పద్యరూపమున నున్న పదపట్టికలే. అయితే ఒక అర్థమునకు గల మాటలన్నియు ఒకచోట నుండుటచే, వల్లించువానికి మాటతోపాటు అర్థమును పట్టుబడెడిది. 1852లో బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము వచ్చెను. పిఠాపురము రాజావారి పోషణమున ఆంధ్రసాహిత్యపరిషత్తు సూర్యరాయాంధ్ర నిఘంటువును చేపట్టెను.

మరి తెలుగున పలక ఆట ఏల వ్యాపింపలేదు? ఇంగ్లీషునకు అక్షరములు 26 మాత్రమే. మనకు ముప్పదియైదు హల్లులకు పండ్రెండేసి గుణింతము లనుకొన్నను 420 రూపములగును. ఒత్తులు చేరినచో వేలకు పోవును. ‘స్త్రీ’ అను మాటలో నాలుగు ధ్వనులున్నను వ్రాతలో ఒక్కటే అక్షరము. ఇన్నిటికి ముక్కలు చేసినచో సంచి చాలదు, గోనె కావలెను. మా పొరుగున తమిళమునకును 247 అక్షరములు గనుక వారికిని ఈ చిక్కు కొంత కలదు.

మా యింట చేసిన ప్రయోగము

ఉద్యోగము విరమించిన పిమ్మట తీరిక దొరకెను. బట్స్ మార్గమునే అనుసరించి, తెలుగు వారపత్రిక పుటలు కొన్ని ముందుంచుకొని హల్లులు లెక్కించితిమి. న, ర, ల, త, క అనునవి అడుగడుగునకు వచ్చెను. ఝ, ఢ అనునవి వెదకినను కానరావు. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి 100 ముక్కలు చేసితిమి. ముక్కపై అచ్చు గాని, గుణింతము లేని హల్లు గాని వ్రాసితిమి. ‘మ’ ముక్కను మా, మి, ము – ఏదిగానైనను వాడుకొనవచ్చును. అయితే ఒక నియమము పెట్టితిమి: ఆడువాడు తన మాటను గుణింతముతోను ఒత్తుతోను పలకపై బలపముతో వ్రాసి చూపవలెను. వ్రాత తప్పినచో వంతు పోవును. చిక్కు తెచ్చిన గుణింతమే ఇట్లు ఆటకు ప్రాణమయ్యెను.

మొదట మా మనుమడు మొగము చిట్లించెను. గెలుపు మీది ఆశ వానిని విడువలేదు. అవ్వకు మాటలు వచ్చును, చూపు ఆనదు. వానికి చూపు కలదు, వ్రాత రాదు. ఇద్దరును ఒక జట్టుగా కూడిరి. అవ్వ చెవిలో మాట చెప్పును, వాడు బలపముతో కుస్తీ పట్టును. నాలుగు నెలలలో గుణింతము వాని చేతికి వచ్చెను. ఒత్తులు ఇంకను తడబడుచున్నవి.

గడచిన సంక్రాంతికి హైదరాబాదున ఉద్యోగము చేయు మా మేనల్లుడు కుటుంబముతో వచ్చెను. అతని కుమార్తె బడిలో తెలుగు చదువుచున్నది, చక్కగా వ్రాయును. ఆటలో మా మనుమడు మూడు ముక్కలు వేసి పలకపై ‘ఎనుము’ అని వ్రాసెను. ఆ బాలిక నవ్వి “ఎనుమంటే ఏంటి? అలాంటి మాట లేదు. గేదె అనాలి” అనెను. వాడు “మా ఊళ్లో ఎనుమే అంటారు, అవ్వనడుగు” అనెను. “మీది సరైన తెలుగు కాదు” అని ఆమె అనెను. చిన్నపిల్ల మాట, అందులో కల్మషము లేదు. కాని ఆ మాట మనలో ప్రతివారును ఎక్కడనో ఒకచోట విన్నదే. మా యావిడ మొగము చిన్నబోవుట చూచితిమి.

అప్పుడు మేము నలుబదియేండ్ల నాటి కార్యాలయమును తలచుకొని, బ్రౌను నిఘంటువును తెచ్చి మనుమని ముందుంచితిమి. “సవాలు వచ్చినది, నీవే వెదకుము” అంటిమి. వెదకుటకు వర్ణక్రమము తెలియవలెను. వాడు వ్రేళ్లు మడచుచు అ, ఆ, ఇ, ఈ అని చెప్పుకొనుచు ‘ఎ’ వద్దకు వచ్చి, పుటలు త్రిప్పి, వ్రేలు పెట్టి చదివెను. ఎ–ను–ము. ఎదుట ఇంగ్లీషున అర్థము: బఫెలో. వాడు కేక వేసెను. ఆ బాలికయు వంగి చూచి “ఉంది తాతయ్యా” అని ఒప్పుకొని, నియమము ప్రకారము తన వంతు వదలుకొనెను. మా యావిడ ఏమియు అనలేదు. లేచి పోయి ఇద్దరికి అరిసెలు తెచ్చిపెట్టెను.

కార్యాలయమున మేము నేర్చినది ఒక్కటే: నోటిమాట కాదనవచ్చును, దస్తావేజును కాదనరాదు. ఊరు దాటి వచ్చిన మన పూర్వులు భూములు విడిచిరి, ఇండ్లు విడిచిరి. మాటలను మాత్రము మూటగట్టుకొని తెచ్చిరి. పట్టణపు తెలుగు మరచిన మాటలు కొన్ని మన వంటయిండ్లలో, పసులకొట్టములలో నేటికిని వాడుకలో నున్నవి. వానికి నిఘంటువే పట్టా. అయితే పట్టా కలిగియుండియు చదువలేనివాని గతి ఏమగునో, రిజిస్ట్రారు కచ్చేరి వాకిట నిలిచినవారికెల్ల తెలియును. ఇంతటి విజేతయైన రిచర్డ్స్ మహాశయునికి లేని సంపద మన పిల్లలకు పుట్టుకతోనే కలదు. కావలసినది ఆ మిగిలిన సగము.

బళ్లారి మొదలు బరంపురము వరకు, షోలాపురము మొదలు యానాము వరకు నున్న తెలుగు సోదరసోదరీమణులకు మా విన్నపము ఇది. బడి తెరచుట మన చేతిలో లేకపోవచ్చును. పాత శుభలేఖలు ప్రతి యింటను కలవు, కత్తెరయు కలదు. ఒక నిఘంటువును కొని ఇంట నుంచుడు. ఆదివారము పిల్లలను అవ్వతాతలతో జతపరచి ఆడింపుడు. ఆటలో సవాలు వచ్చి, నిఘంటువులో దొరకని మన యింటి మాట ఏదేని తగిలినచో, దానిని ఓడిన మాటగా త్రోసివేయక ఒక నోటు పుస్తకమున అర్థముతో వ్రాసిపెట్టుడు. మా పుస్తకమున ఇప్పటికి రెండు పుటలు నిండినవి. మొదటి పుట వ్రాత మాది. రెండవ పుట వ్రాత, వంకరటింకరగా నున్నను, మా మనుమనిది.